ఫొటోలో లేని స్వర్ణకుమారి

అనకాపల్లి,
2007 నవంబరు 3.

చిరంజీవి తమ్ముడు శాంతికుమార్‌కు,

అక్క స్వర్ణకుమారి ప్రభువు పేరిట దీవించి వ్రాయునది. ఇక్కడ నేను ఆరోగ్యంగా ఉన్నాను. కోపంగా కూడా ఉన్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ టీవీ చూస్తావు. ఉత్తరమైతే చదవక తప్పదు.

మన చినపాలెం చర్చికి కొత్తగా జాకబ్ పాస్టరుగారు వచ్చారు. గోడమీది కోతపండుగ ఫొటోలన్నీ తీరిగ్గా చూసి, "అమ్మా, మీరు ఈమధ్యే మన సంఘంలో చేరినట్టున్నారు" అన్నారు. ఏటేటా ఆ ఫొటోలు తీసింది నేను. తీసేది నేనే కాబట్టి ఒక్కదానిలోనూ లేను. రిటైరయ్యేదాకా ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పినదాన్ని, చర్చికి దగ్గరుండి సున్నం వేయించినదాన్ని, కొత్తదాన్నయిపోయాను. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

ఈ ఏడు ఫొటోలో నేను ఉండి తీరతాను. నువ్విచ్చిన డిజిటల్ కెమెరాలో నొక్కి పరిగెత్తే ఏర్పాటు ఉందిగా. దాన్ని నిలబెట్టడానికి తేలికపాటి ట్రైపాడ్ ఒకటి పంపు. మడిస్తే నా చేతిసంచీలో పట్టాలి, బస్సులో ఒళ్ళో పెట్టుకోగలగాలి. మెమరీ కార్డులు కూడా ఓ రెండు పంపు. కెమెరాతో వచ్చినది ఒక్క పండుగకే నిండిపోయింది.

మీ అక్క,
స్వర్ణకుమారి

తా.క.: "ఎవరిచేతనైనా నొక్కించు" అని మాత్రం రాయకు. పోయినేడు చర్చి గంట కొట్టే కుర్రాడు దేముడి చేత నొక్కించాను. అందరి కాళ్ళూ చక్కగా పడ్డాయి. ఎడమ చివర నీలం చెప్పులు నావి.

---

హైదరాబాద్,
నవంబరు 9.

అక్కయ్యకు తమ్ముడి వందనాలు.

నీ ఉత్తరం టీవీ కట్టేసి మరీ చదివాను. మా రెవిన్యూ ఆఫీసులో నా పక్క సీటు సత్యరాజు సెలవుల్లో పెళ్ళి వీడియోలు తీస్తుంటాడు. తేలికపాటివి గాలికి పడిపోతాయట. అందుకని అతని చేత గట్టిది ఎంపిక చేయించి పార్సిలు వేశాను. పసుపురంగు కాళ్ళు, ఇత్తడి మరలు, చూడగానే గౌరవంగా ఉంటుంది. కాస్త బరువే, కానీ పదికాలాలు ఉంటుంది.

కార్డులు దండగ. నిండినదాన్ని చెరిపేసి మళ్ళీ వాడుకో. అయినా ఈ వయసులో కెమెరా నొక్కి పరుగులెందుకక్కా? వచ్చే ఏడు నేను వచ్చి తీస్తానుగా. నీ మరదలు సుజి కూడా అదే అంటోంది.

నీ తమ్ముడు,
శాంతికుమార్

తా.క.: పార్సిలు ఆటోలోంచి దింపడానికి ఇద్దరు మనుషుల్ని చూసుకో.

---

అనకాపల్లి,
నవంబరు 17.

తమ్ముడికి దీవెనలు, సుజికి మాత్రమే ప్రేమ.

వచ్చే ఏడు, వచ్చే ఏడు అని నువ్వు ఎప్పట్నుంచి అంటున్నావో నీకే తెలియాలి. ఇక నీ ట్రైపాడ్ చేసిన ఘనకార్యం విను.

పండుగకి ముందు పరుగు సాధన చేద్దామని చినపాలెం వెళ్ళి, చర్చి పక్కన నూకరాజు చెరుకుతోట గట్టు మీద దాన్ని నిలబెట్టాను. ఏదో కంపెనీ వస్తుందనీ, భూములు పోతాయనీ ఊళ్ళో పుకారు ఉంది. ఆ సంగతి నాకు గుర్తే లేదు. పసుపు కాళ్ళు కనిపించగానే చెరుకు కొడుతున్నవాళ్ళంతా కత్తులతో సహా వచ్చేశారు.

"ఎవుల్నడిగి కొలత్తన్నారు?" అన్నాడు నూకరాజు.

"ఫొటో కోసమయ్యా" అన్నాను.

"ఫొటోకి ఇంత స్టాండేటి? సర్వేవోళ్ళు తెచ్చేది ఇదే!"

అతని భార్య మరిడమ్మ మాటకి నా గుండె కలుక్కుమంది. "మా పిల్లలకి అచ్చరాలు సెప్పేవు టీచరమ్మా, నువ్వే మా బూమి కొలిపిత్తావా?"

నేను కదలనన్నాను. వాళ్ళూ కదిలేది లేదన్నారు. చివరికి నన్ను మర్యాదగా బస్సెక్కించి ట్రైపాడ్‌ను పశువుల పాకలో పెట్టేశారు. తేలికైనది పంపమని నేను ఎందుకన్నానో ఇప్పుడైనా తెలిసిందా? అది పంపేదాకా నీతో మాట్లాడను, రాస్తాను.

కార్డు చెరిపెయ్యమన్నావు. అమ్మ పెట్టెలో ఉన్న నెగెటివులు ఎప్పుడైనా పారేశామా? నేను చెరపను. ఒక్క ఫొటో కూడా.

మీ అక్క,
స్వర్ణకుమారి

తా.క.: ట్రైపాడ్‌కి గేదెని కట్టారు. గేదె లాగినా కదల్లేదట. సత్యరాజుగారి ఎంపికకు వంక పెట్టలేం.

---

హైదరాబాద్,
నవంబరు 22.

అక్కయ్యకు వందనాలు.

కత్తులు అనగానే సుజి ప్రార్థన మొదలుపెట్టింది. నువ్వేం కంగారుపడకు, నేను ఒక్క దెబ్బకి చక్కబెట్టాను. మామూలు కాగితం మీద రాస్తే నమ్మరని, మా ఆఫీసు కాగితం మీద, ముద్ర వేసి, నూకరాజుకి స్వయంగా రాశాను. "పెద్ద స్టాండు వెంటనే వాపసు చేయవలెను. దాని బదులు ఎవరి కంటా పడని చిన్నది పంపుచున్నాము" అని ఎవరికైనా అర్థమయ్యేలా స్పష్టంగా రాశాను.

నువ్వడిగినట్టే గొడుగంత ట్రైపాడ్, రెండు పెద్ద కార్డులు పార్సిలు వేశాను. ఒక్కోదానిలో వందల ఫొటోలు పడతాయి. ఇక జన్మలో నిండవు. ఒక్క ఫొటో తీసుకుని బుద్ధిగా ఇంటికొచ్చెయ్.

నీ తమ్ముడు,
శాంతికుమార్

తా.క.: గాలి వేస్తే ట్రైపాడ్ నడిమి కొక్కేనికి ఏదైనా బరువు వేలాడదియ్యి. గేదె వద్దు.

---

అనకాపల్లి,
డిసెంబరు 2.

తమ్ముడికి,

దీవెనలు ఈ ఉత్తరం చివర్న ఇవ్వాలో లేదో ఆలోచిస్తాను.

నీ ఉత్తరాన్ని నూకరాజు కూతురు ఇందు, పాలకేంద్రం దగ్గర అందరికీ చదివి వినిపించింది. రెవిన్యూ ముద్ర చూసి ఊరు ఊరంతా బిగుసుకుపోయింది. సర్కారు ఎవరి కంటా పడని కొలతల మిషను పంపుతోందని ఖాయం చేసుకున్నారు. నిన్న పండుగకి వెళితే మరిడమ్మ నా చేతిసంచీ వెతికింది.

నేను పాత కార్డు కెమెరాలో వేసి చూపించాను. పోయినేటి పండుగ. అందులో ఆమె అత్త అప్పలనర్సమ్మ గుమ్మడికాయ ఎత్తుకుని నవ్వుతోంది. ఆవిడ ఈ వేసవిలో పోయింది. మరిడమ్మ కెమెరాని కళ్ళకద్దుకుంది. "మా అత్త బొమ్మ ఇంకెక్కడా నేదు టీచరమ్మా" అంది. ఊళ్ళోవాళ్ళంతా ఫొటోకి వచ్చేశారు, చర్చివాళ్ళూ కానివాళ్ళూ. చెరుకుగట్టు పొడుగునా వరస కట్టారు. ట్రైపాడ్ కొక్కేనికి మరిడమ్మే చిలగడదుంపల సంచి తగిలించింది.

అప్పుడు జీపు వచ్చింది. నిజం సర్వేవాళ్ళు! మన పసుపు కాళ్ళకి తోబుట్టువులాంటి స్టాండు దింపారు. "అడ్డు తప్పుకోండి, లైను చూడాలి" అన్నాడు ఆఫీసరు.

నూకరాజు నావైపు చూశాడు. నేను ఎంతో వినయంగా, "ఫొటో అవ్వగానే తప్పుకుంటామండీ" అన్నాను. సరేనన్నాడు పాపం.

మొదటి ఫొటోలో దేముడు కళ్ళు మూశాడు. రెండోదానిలో మేక అడ్డొచ్చింది. తర్వాత పాస్టరుగారి జుట్టు రేగింది. నేను నొక్కడం, పరిగెత్తి వరసలో నిలబడడం, వెళ్ళి చూడడం, "బాగా రాలేదు, ఎవరూ కదలకండి!" అని బడిలోలా కేకెయ్యడం. ఎండకి ఎవరూ జడవలేదు. జన్మలో నిండదన్నావే, ఆ కార్డు మధ్యాహ్నానికి నిండింది. రెండోది వేశాను. పొద్దు వాలింది. వెలుతురు లేదని సర్వేవాళ్ళు సామాను సర్దుకున్నారు. పదిరోజుల్లో మళ్ళీ వస్తారట.

మోకాళ్ళు పట్టేశాయి. కానీ తమ్ముడూ, ఆ వందల ఫొటోల్లో ప్రతిదానిలోనూ నేనున్నాను. నోరు తెరిచి, చెంగు జారి, ఆయాసపడుతూ, నవ్వుతూ, సరిగ్గా నడిమధ్యన ఉన్నాను. నా జీవితంలో ఇంత సంతోషపడిన రోజు లేదు.

ఇంకో నాలుగు కార్డులు వెంటనే పంపు. పంపితే దీవెనలు.

మీ అక్క,
స్వర్ణకుమారి

తా.క.: ఆఖరి ఫొటోలో ఆ ఆఫీసరబ్బాయి ఓ మూలగా పడ్డాడు. పెళ్ళిచూపులకి పనికొస్తుందని కాపీ అడిగాడు. "వెలుతురు చాల్లేదు బాబూ, ఈసారి వచ్చినప్పుడు మా వరసలో నిలబడు, శ్రద్ధగా తీస్తాను" అన్నాను. ఆలోచించుకుని చెబుతానన్నాడు.