కేంద్రానికి పొయ్యని గ్లాసెడు పాలు

పల్లవీ, నీ మందులు తేవడానికి బాన్సువాడ పోతున్న. పాలన్నీ డెయిరీ కేంద్రంల పొయ్యకు, నీకు గ్లాసెడు తీసిపెట్టుకో. రాగిజావ పొయ్యి మీద ఉంది. మీ బావ తినేదాక ఆగకుండ తాగు. అన్నంల తొక్కు తగ్గించు, అంత ఉప్పు మంచిది కాదు.

నీకు గర్భసంచితోటి అండాశయాలు కూడ తీసేసిన్రు గద, ఇగ ఎముకలను కాపాడే హార్మోన్ తయారుకాదట. ఎముకలు గుల్లబారుతయి, రక్తనాళాలు గట్టిపడతయి అన్నది డాక్టరమ్మ. మన అత్తమ్మకు కూడ నీ వయసులనే తీసేసిన్రు. ఆమె ఒక్క చుక్క తాగకుండ అన్ని పాలు కేంద్రానికే పోసింది. బాత్‌రూంల జారి తుంటి విరిగినంక మళ్ల మంచం దిగలేదు.

పొద్దున నువ్వు గోడ పట్టుకొని నడుస్తుంటె వెనుకనుంచి చూసిన. "పైలం అత్తమ్మా, పడతవ్" అని నోటిదాక వచ్చింది.

— ప్రేమలక్క

అత్తమ్మ చేతికట్టె అటక మీద పెట్టిన. దించకు.