జెర్రిపోతు గుడ్లు పెట్టింది

బావా,

రాత్రి నుంచి ముసురు. పొద్దున నారు పీకి ఇంటికొచ్చి బట్టలు పిండుకుంటుంటే అక్క కేకేసింది. గుడ్లు చిట్లుతున్నాయట.

నువ్వు కన్నుమూశాక జాలీ పెట్టెలోని నీ రెండు జెర్రిపోతుల్నీ అక్క వదలనివ్వలేదు. "ఆయన పరిశోధన సగంలో ఉందిరా" అనేది. ఎండాకాలంలో వాటిలో పెద్దది గుడ్లు పెట్టింది. పేరులోనే పోతు ఉంది కాబట్టి జెర్రిపోతులన్నీ మగవేనని, వాటి పెళ్ళాం నాగుపామని కదా మనూరి లెక్క.

"నాగుపామే వచ్చి పెట్టిపోయుంటుంది. పగలగొట్టమ్మాయ్" అన్నాడు రత్తయ్య బాబాయి.

"పిల్లలకి పడగుంటే అప్పుడు చూద్దాం బాబాయ్" అని అక్క వాటిని ఇసుక కుండలో పెట్టి కాపలా కాసింది.

ఒక్కదానికీ పడగ లేదు. కబురందుకుని బాపట్ల కాలేజీ నుంచి మీ సారు వచ్చారు. కొలతలు రాసుకుని, "అతను చెప్పినట్టేనండి. అతని పేరుతోనే అచ్చు వేయిస్తాను" అన్నారు.

బాబాయి కుండలోకి వంగి చూశాడు. "అయితే తల్లినేమనాలి? జెర్రిపెట్టనా?"

"పేరు పెట్టినవాడు దాని కడుపు చూడలేదు బాబాయ్" అంది అక్క. నీ మాటే.

"సరేలే. నా గట్టునే వదలండి. ఎలుకలతో చస్తున్నా."

వాన తెరిపివ్వగానే కుండా, పెట్టే అక్కడికే మోశాం. మీ సారు సాయంత్రం పాసింజరుకి వెళ్ళారు. పిల్లలు దీపాలవేళకు ముందే చేలోకి వెళ్ళిపోయాయి. పెద్దవి రెండూ చీకటి పడ్డాక వెళ్ళాయి.