షట్టరు పిడి

1964 ఫిబ్రవరి 4, మంగళవారం. పొద్దున మంచు పడింది. గాలి పంపు తోలు వాషర్లకు ఆముదం పట్టించాను.

తమ్ముడూ, నువ్వు పోయిన ఏడాదికి బోధన్ కాలువ తూములో మళ్లీ దుంగ ఇరుక్కుంది. గాలి గొట్టం తగిలించిన నీ ఇత్తడి టోపీ పెట్టుకుని నీళ్లలోకి దిగడానికి కోటగిరి నుంచి రాజన్న వచ్చాడు. ఎగువ షట్టరు దగ్గర కాపలా ఇప్పటికీ మన బావే.

నీ మీద నాకు కోపం తగ్గలేదు. షట్టరు ఎత్తే పిడి తీసి మన దగ్గర పెట్టుకుందామని ఆ రోజు చెబితే, "బావను అనుమానించినట్టు గాదా అన్నా? అక్క ఏమనుకుంటది?" అని నవ్వి దిగావు. చెరుకు రైతులు నీళ్ల కోసం మీద పడగానే బావ షట్టరు ఎత్తాడు. ప్రవాహం నిన్ను ఈడ్చుకుపోయింది. గొట్టం మెలిపడి, గట్టు మీద నీకు గాలి కొడుతున్న నా చేతిలో పంపు చక్రం బిగుసుకుపోయింది. మొహమాటానికి ప్రాణం ఇస్తారట్రా ఎవరైనా?

ఇవాళ పిడి ఇమ్మన్నాను.

"ఏం బామ్మర్ది, నా మీద గింత నమ్మకం లేదా?"

"లేదు."

"మీ అక్క మొకం సూసన్న గిట్లనకురా."

"అక్క మొకం సూసిండు గాబట్టే తమ్ముడు పాయె. పిడి తియ్యి."

తీసి నా కాళ్ల దగ్గర విసిరాడు. "ఇగ మా ఇంటి గడప తొక్కకు" అన్నాడు.

రైతులు వచ్చి నన్ను తిట్టారు. పిడిని కాలి కింద తొక్కిపట్టి, రాజన్న పైకి వచ్చేదాకా చక్రం తిప్పాను.

సాయంత్రం పిడి అప్పగించడానికి పోతే బావ మొహం తిప్పుకున్నాడు. అక్క వాకిట్లోకి వచ్చి ఒక్కటే అడిగింది.

"దిగినాయన మంచిగొచ్చిండా?"

"వచ్చిండక్కా."

కూర్చోమంది. తిని పొమ్మంది. పంపు ఇంకా గట్టు మీదే ఉంది, దాన్ని ఇంట్లో పెట్టొచ్చి తింటానన్నాను.