అడుగంటిన తపేలా

మా శ్రీవారికి,

ప్రియమైన అని రాయబోయి ఆగిపోయాను. వాట్సాప్‌లో పెడితే రెండు ముక్కలు చదివి బొటనవేలు గుర్తు పెడతారు. అందుకే కాగితం మీద రాసి, డైనింగ్ టేబుల్ మీద తపేలా కింద పెట్టి వెళ్తున్నాను. మీరు మామిడి మండీ నుంచి వచ్చేసరికి నేను రెడ్డిగూడెంలో మా నాన్నగారింట్లో ఉంటాను.

ముందు తపేలాలోకి చూడండి. అది పరమాన్నం. కావాలనే అడుగంటించాను. మంట పెద్దది చేసి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని, పాలు ఇగిరి, అన్నం మాడి నల్లగా గట్టిపడేదాకా కదలకుండా చూశాను. మీ వంటింట్లో ఇంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

కిందటి వేసవిలో ఇదే తపేలా మాడితే మీరు ఫోటో తీసి, "మా ఆవిడ స్పెషల్, బొగ్గు పరమాన్నం" అని చుట్టాల గ్రూపులో పెట్టారు. విస్సన్నపేట పెదనాన్నగారు మొదలుకొని అందరూ నవ్వారు. ఆ పేరే నాకు ఖాయమైపోయింది. పెళ్లిళ్లకి వెళ్తే "బొగ్గు పరమాన్నం వచ్చిందా?" అని అడుగుతారు. అందరికంటే గట్టిగా మీరు నవ్వుతారు.

అది మాడుతున్నప్పుడు నేను బాత్‌రూమ్‌లో నేల మీద ఉన్నాను. నాకు మూడో నెల. రక్తం ఆగడం లేదు. లేవలేక మిమ్మల్ని పిలిచాను. మాడు వాసనకి వంటింట్లోకి పరుగెత్తారు గానీ నా పిలుపుకి రాలేదు. ఫోటో తీశాకే వచ్చి తలుపు తట్టారు. అప్పటికి మీకు తెలియదు, సరే. ఆసుపత్రి నుంచి వచ్చాక తెలుసు కదా? ఆ ఫోటో తీసేయమని బతిమాలాను. "సరదాకి పెట్టిందేగా, ఇప్పుడు తీసేస్తే ఎందుకని అడుగుతారు" అన్నారు. బిడ్డ పోయిన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. అప్పుడు ఊళ్లో లేని అత్తయ్యగారితో నాకు జ్వరమని చెప్పి, నన్నూ అదే చెప్పమన్నారు. చెప్పాను. ఇక చెప్పను. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తపేలా సింకులోనే ఉంది. స్టీలు పీచుతో తోమాను. గోళ్ల దగ్గర చర్మం లేచింది గానీ మాడు లేవలేదు. పక్కింటి సుసన్నా ఆంటీ వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. "గీకితే గిన్నె పోద్దమ్మా, మాడు పోదు. నువ్వెళ్లి పడుకో" అని, మన అలమరలోని ఓ డబ్బాలోంచి ఏదో వేసి శుభ్రంగా వదిలించేసింది. అదేమిటో మీకు చెప్పను. ఆ డబ్బా కూడా నా చీరల మధ్య పెట్టుకుని పట్టుకెళ్తున్నాను.

మధ్యాహ్నం భోజనానికి పిలిచిన మామిడి బయ్యర్లకి ఇదే వడ్డించండి. తర్వాత మీ చేతులతో మీరే తోమండి. మీ గోళ్లు కూడా మండాలి. తపేలా అడుగు తెల్లబడ్డాక వచ్చి నన్ను పిలవండి.

ఇట్లు,
యశస్విని
(నా పేరు ఇదే.)

*

చిరంజీవి సౌభాగ్యవతి యశస్వినికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్ తీయడం లేదు కాబట్టి నేనూ ఉత్తరమే రాసి, మన డ్రైవరు రాములు చేతికిచ్చి పంపుతున్నాను.

నీ ఉత్తరం ముందు నాకే దొరికింది. చదివేశాను. అరవింద్ రాగానే, "కిందటేడు అమ్మాయికి వచ్చింది జ్వరమేనా?" అని అడిగాను. తల దించుకున్నాడు. ఉత్తరం వాడి చేతిలో పెట్టి, పూజగదిలోకి పోయి తలుపేసుకున్నాను. పోయింది నా మనవడో మనవరాలో కూడా నాకు తెలియదు కదమ్మా.

బయ్యర్లని హోటల్‌కి తీసుకెళ్లి తినిపించి, సాయంత్రం తపేలా ముందేసుకున్నాడు. నువ్వు డబ్బా పట్టుకెళ్తే ఏమైంది? ఫోన్‌లో వీడియో చూసి, కొట్టు నుంచి వంటసోడా తెప్పించాడు. మాడు మునిగేదాకా నీళ్లు పోసి, రెండు చెంచాలు వేసి మరిగించాడు. ఈల వేసుకుంటూ కూర్చున్నాడు. చల్లారాక చెక్క గరిటెతో నెడితే మాడంతా అట్టులా లేచొచ్చింది. "ఇంతేనా! రేపెళ్లి తీసుకొచ్చేస్తానమ్మా" అన్నాడు. తళతళలాడే తపేలాకి ఫోటో తీసి మళ్లీ గ్రూపులో పెట్టబోయాడు. ఫోన్ లాక్కున్నాను.

అమ్మాయ్, నువ్వు వేసిన శిక్ష చాలదు. అందుకని ఇంకోటి నేను వేశాను.

తెల్లారి వాణ్ని కారెక్కించి విస్సన్నపేట మా బావగారింటికి తీసుకెళ్లాను. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, "నీ నోటితో నువ్వే చెప్పరా" అన్నాను. వాడు "కిందటేడు తపేలా మాడినప్పుడు, పెదనాన్నా..." అని మొదలుపెట్టాడో లేదో, బావగారు "ఏరా, మళ్లీ బొగ్గు పరమాన్నమా?" అన్నారు. ఇల్లంతా నవ్వులు. వాడు నవ్వబోయాడు గానీ మొహం కదల్లేదు. ఆ నవ్వులు ఆగేదాకా నిలబడాల్సి వచ్చింది. నేను సాయం చేయలేదు.

"బిడ్డ పోయింది పెదనాన్నా. తను లోపల పడిపోయి పిలుస్తుంటే నేను ఫోటో తీస్తున్నాను" అన్నాడు. అని అక్కడే కూలబడి బావురుమన్నాడు. మా తోడికోడలు మంచినీళ్లు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. బావగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని ఉండిపోయారు.

వచ్చేటప్పుడు కార్లో, "ఇక చాలదా అమ్మా?" అన్నాడు. "గ్రూపులో నవ్విన ఇళ్లు ఇంకా ఉన్నాయిగా" అన్నాను. నిన్న మైలవరం అయింది. ఈ వేళ ఆగిరిపల్లి వెళ్తున్నాం. సీజన్‌లో మండీ ఎవరు చూస్తారంటాడు. మూతపడనీ.

అన్ని ఇళ్లూ అయ్యాక వాణ్ని మీ ఊరు తీసుకొస్తాను. నువ్వు మాట్లాడతావో, మొహమ్మీద తలుపేస్తావో నీ ఇష్టం. నేను వాడి తరఫున ఒక్క ముక్క కూడా మాట్లాడను. వాణ్ని సాయంత్రం బస్సెక్కించి పంపేసి, కొన్నాళ్లు నీ దగ్గరే ఉంటాను. మీ నాన్నగారితో చెప్పి మంచం వేయించు. నా ఒక్కదానికే.

ఇట్లు,
నీ అత్తయ్య
పుష్పావతి