తల వెనక చదరం

తమ్ముడూ,

ఊరంతటికీ నువ్వు పోప్ గారివి, పరిశుద్ధ తండ్రివి. అక్కను నేను కూడా అలాగే పిలవాలంటే, ముందు ఆ జ్వరం తగ్గించుకుని కొండ దిగి రోముకు రా.

నువ్వు కట్టిస్తున్న చర్చికి నిన్న వెళ్ళాను. గోడ మీద గాజుముక్కలతో నీ బొమ్మ దాదాపు పూర్తయింది. క్రీస్తు శిష్యులు అపొస్తలుల పక్కన కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డావు. ముక్కు మాత్రం నాన్నదే. ఎంత బంగారం పూసినా దాన్ని దాచలేకపోయారు.

కానీ తల చుట్టూ గోడ ఖాళీగా వదిలేశారు. ఎందుకని అడిగితే పనివాళ్ళ పెద్ద థియోడులోస్ నసిగాడు.

"ఏం చెప్పనమ్మా! బతికున్నవాళ్ళకి తల వెనక వెలుగు చదరంగా పెడతాం. పోయిన పుణ్యాత్ములకి గుండ్రంగా. అయ్యగారి జ్వరం సంగతి తేలితే గానీ..."

"తేలడానికేముందయ్యా? చదరమే పెట్టు."

"రేపు ఏదైనా అయితే?"

"అప్పుడు వాడి సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పెట్టు."

నా ఎదురుగానే మొదలుపెట్టాడు. నువ్వు బాగుచేయించిన కాలువ నుంచి నీళ్ళు మోసుకెళ్తున్న ఆడవాళ్ళు లోపలికొచ్చి, కుండలు దించి, చివరి ముక్క అతికేదాకా కదల్లేదు.

ఈ పొద్దున తట్టి చూశాను. సున్నం గట్టిపడిపోయింది. ఇక ఆ చదరం ఊడిరాదు.

పుట్టినప్పటి నుంచి నా మాట ఒక్కటైనా విన్నావా? ఈ ఒక్కసారికి విను. అంతమంది ముందు నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

నీ అక్క