ఇరవయ్యో వంతు

సిద్దిపేట,
ఆదివారం.

స్వర్ణకు,

ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. నువ్వూ, నీ మోకాలూ బాగుండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. శుక్రవారం ఫోన్లో మాట్లాడదామంటే మీ మేడం పక్కనే కూర్చుంటుంది. అందుకే మన వీధి జోసెఫ్ కువైట్ వస్తుంటే ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. చింతకాయ తొక్కు కూడా పెట్టాను, నూనె కారకుండా చూసుకో.

ఇంటి పైకప్పు రేకులు మార్పించావా అని అడిగావు. మార్పించాను. వండుకుంటున్నావా అని అడిగావు. వండినా తినబుద్ధి కావడం లేదు. మనిషి గొంతు వినబడాలని టీవీ పెట్టుకునే పడుకుంటున్నాను, ఏం చెయ్యమంటావు.

“పత్తాలాట మానినవా లేదా, ఒట్టేసి చెప్పు” అని రాశావు. మానలేదు. ఆదివారం చర్చి అయ్యాక గజ్వేల్ బస్సెక్కి, భూమయ్య తోటకు పోయి పోకర్ ఆడుతున్నాను. అప్పు మాత్రం చెయ్యలేదు. ఆట పైసలను ఇరవై వంతులు చేసి, ఒక్క వంతుతోనే కూర్చుంటాను. అది పోతే లేస్తాను. ఎంత మంచి ముక్కలొచ్చినా రెండో వంతు తియ్యను. “వీడు పత్తాలాడుతుండా, విత్తనాలు కొలుస్తుండా?” అని భూమయ్య ఎగతాళి చేస్తాడు. కానీ పోగానే “తిన్నవా సునీలూ?” అంటాడు. వారం మొత్తంలో ఆ మాట అడిగేది అతనొక్కడే.

ఇక రాయాల్సిందానికి చెయ్యి రావడం లేదు. పని ఒప్పందం గడువుకు ముందే నిన్ను ఇంటికి పంపాలంటే రెండు లక్షలు కట్టమన్నాడు కదా ఏజెంటు. నలభై వేలతో మొదలుపెట్టిన ఆట పైసలు దసరాకే రెండు లక్షల పదివేలయ్యాయి. నీకు చెప్పలేదు. రెండు లక్షలు తీస్తే పదివేలు మిగులుతాయి. అందులో ఒక వంతు ఐదు వందలు. ఐదు వందలకు నన్నక్కడ ఎవరు కూర్చోనిస్తారు? ఇంకాస్త పెరగనీ అనుకున్నాను. నువ్వు ఫోన్లో “ఇంకెన్ని రోజులయ్యా” అని ఏడిస్తే, “జర ఓపిక పట్టు, పైసలు జమైతలేవు” అన్నాను. నా లెక్క ఒక్కసారీ తప్పలేదు స్వర్ణా. నీ నాలుగు నెలలు పోయాయి. సిగ్గులేని పని చేశాను.

మొన్న ఆట పైసలన్నీ, ఒక్క వంతూ మిగల్చకుండా తీసి ఏజెంటుకు కట్టేశాను. రసీదు, టికెట్టు ఈ కవర్లోనే ఉన్నాయి. మార్చి పద్నాలుగున విమానం.

నేను చేసిందంతా చేర్యాల పోయి మీ అవ్వకు కూడా చెప్పాను.  ఆమె “నేను గూడ వేరే బండి మాట్లాడుకొని వస్త” అన్నది. శంషాబాద్‌లో ఇద్దరం నిలబడతాం. ఎవరి బండి ఎక్కుతావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ పెనిమిటి
సునీల్