విందులో నేను పెట్టుకున్న బో

వికారాబాద్,
శుక్రవారం.

అవ్వకు, నీ చిన్నకొడుకు చంద్రకాంత్ కాళ్లకు మొక్కి రాసేది. ఇక్కడ నేను, శ్యామల కులాసాగా ఉన్నాం. గుల్బర్గాలో నువ్వూ, చెల్లె మల్లీశ్వరీ, పిల్లలూ అట్లాగే ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెప్తే నీకు సగమే వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. మల్లీశ్వరి బిడ్డ రచన చదివి వినిపిస్తుంది కదా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. మనీషా తాండూరులో అత్తగారింట్లో బాగుంది. అల్లుడు ప్రణయ్ నెమ్మదైనవాడు. వియ్యంకుడు ఇమ్మానుయేలు గారు పొద్దున్నే శ్యామలకు ఫోన్ చేసి, "మీ బిడ్డ టిఫిన్ తిన్నదమ్మా, ఫికర్ చెయ్యకున్రి" అంటున్నాడు. బంట్వారంలో మన కంది పూత మీదుంది. నీ తుంటి నొప్పి తగ్గేదాకా మెట్లు ఎక్కకు.

పెండ్లి ఫోటోలో నా గొంతుకు కట్టు కట్టారేమో అని భయపడ్డావట. దెబ్బ కాదవ్వా. దాన్ని బో టై అంటారు. చర్చిలో పెండ్లి అయ్యాక, సాయంత్రం తాండూరు ఫంక్షన్ హాల్‌లో విందు. రెండు వైపుల మగవాళ్లం అందరం ఒకే తీరుగా ఉండాలని ప్రణయ్ ముచ్చటపడి తెప్పించాడు. ముడి వేసే పని లేదు, వెనక కొక్కెం ఉంటుంది. అది తెలియక నేను చాలాసేపు దాన్ని జేబుకు పెట్టుకోవాలా, మెడకు పెట్టుకోవాలా అని తిప్పి తిప్పి చూశాను. శ్యామల పెట్టి, నవ్వు ఆపుకోలేక, "సీతాకోకచిలుక వాలినట్టున్నదయ్యా" అంది. నాకు మాత్రం అద్దంలో ఎవరో పరాయివాడు కనబడ్డాడు.

హాల్‌లో అడుగుపెట్టాక అసలు పరేషాన్ మొదలైంది. వడ్డించేవాళ్లకూ మాలాగే తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడకు బో! వాళ్లది నలుపు, మాది ముదురు ఎరుపు. ఆ దీపాల వెలుతురులో అదెవరికి తెలుస్తుంది? భోజనాల దగ్గర ఎవరు ఎట్లా తింటున్నారో చూద్దామని పోతే, సేడం నుంచి వచ్చిన ఒక ముసలాయన "నీరు కొడి" అని కన్నడంలో నీళ్లడిగి గ్లాసు చాపాడు. పిల్ల తండ్రిని అని చెప్పాలా, నీళ్లు పోయాలా అర్థం కాలేదు. పోశాను. పక్కనున్నావిడ పెరుగు అడిగింది. అదీ తెచ్చాను. మన పిల్ల పెండ్లికి వచ్చినవాళ్లకు వడ్డిస్తే తప్పేముందిలే అనుకున్నాను.

రచనా, ఇక్కడి నుంచి అమ్మమ్మకు మెల్లగా చదువు.

అవ్వా, "పెద్దోడు పెండ్లికి వచ్చిండా" అని నువ్వడిగితే రాలేదన్నాను. శ్యామలకూ అదే చెప్పాను. కానీ అన్న వచ్చాడు.

"మనింటి పిల్లను చర్చిల ఇస్తవా? నా కాలు ఆ గడప తొక్కది" అని నిశ్చితార్థం నాడు లేచిపోయిన మొగులప్పన్న, చివరి వరుసలో, మూల బల్ల దగ్గర ఒక్కడే తలవంచుకుని తింటున్నాడు. కండ్లద్దాలు చొక్కా జేబులో ఉన్నాయి. నా చేతిలో నీళ్ల జగ్గు ఉంది. వెనక్కి పోదామనుకునే లోపే, తలెత్తకుండానే అన్నాడు.

"జర నీళ్లు పొయ్యి, బాబూ."

'అన్నా' అనే మాట గొంతు దాకా వచ్చింది. అంటే సగం అన్నం వదిలి లేచిపోతాడేమో. అనకపోతే కడుపునిండా తినిపోతాడు. ఏది మంచిదో తేలక నీళ్లు పోసి నిలబడ్డాను.

"పెండ్లిపిల్ల తిన్నదా?" అని అడిగాడు.

"ఇంక లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"జల్ది తినుమను. పొద్దటి సంది నిలవడ్డట్టుంది పిల్ల."

తిన్నాడు. పోయి చెయ్యి కడుక్కుని వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, తడి చేతులతో నా మెడ దగ్గరి బోను పట్టుకుని సరిచేశాడు. "వంకరైంది" అన్నాడు. వెళ్లిపోయాడు. నేను జగ్గు పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

అప్పటి నుంచి నా మనసు మనసులో లేదవ్వా. గుర్తుపట్టాడా? పడితే బాబూ అని ఎందుకంటాడు? పట్టకపోతే, వడ్డించేవాడి మెడలో వంకర ఎవరికి కావాలి? ముందు గుర్తుపట్టక, గొంతు విన్నాక పట్టాడా? నేను పిలవనందుకు నొచ్చుకున్నాడా, పిలవనందుకే నిమ్మళంగా పోయాడా? శ్యామలను అడగాలంటే వచ్చిన సంగతి చెప్పాలి. ఆమె మనీషాకు చెప్తుంది, పెదనాన్న వచ్చినా చూడలేకపోయానని పిల్ల ఏడుస్తుంది. అందుకే నీకు రాస్తున్నాను. మమ్మల్ని కన్నదానివి, నీకైనా తెలుస్తుందేమో.

నీ జవాబు వచ్చేదాకా ఆగాలనే అనుకున్నాను. కానీ ఆగలేకపోతున్నాను. ఎల్లుండి తాండూరులో అన్న ఇంటికి పోతాను. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. గడపలో నిలబడి 'అన్నా' అని మాత్రం గట్టిగా పిలుస్తాను. విందులో లేచిపోతాడని భయపడ్డాను గానీ, తన ఇంట్లోంచి తను ఎక్కడికి లేచిపోతాడు?

ఇట్లు,
నీ చిన్నకొడుకు
చంద్రకాంత్